నిద్రలో నడిచినవాడు

సంపాదకవర్గంలోని మిత్రుడొకడు మా హాస్టల్ గదికి వచ్చి, సైన్సు విద్యార్థివి గదా, సంచికకి ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వమన్నాడు. హిప్నాటిజం మీద రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, ఆ మాటతో పాటు ఒక మొహం కళ్ళముందుకొచ్చి నిలబడింది. సన్నగా పొడుగ్గా వున్న మనిషి, ఒంటికి అతుక్కుపోయిన నల్లబట్టలు, నిలువుగా పెట్టిన చెక్కపెట్టెలో నిలబడి మెల్లిగా కళ్ళు తెరుస్తున్న మొహం. అందుచేత ఇది పూర్తిగా సైన్సు వ్యాసం కాకుండా పోయింది. ఆ మొహం గలవాడి జీవితకథ అయింది. అతని పేరు కాన్రాడ్ ఫైట్. జర్మన్లు వాళ్ళ అక్షరాల్లో వి ని ఫ లాగా పలుకుతారు గనక ఇట్లా రాస్తున్నాను. అంతేగాని మన సినిమాల్లో ఆఖరున వచ్చే ఫైట్లకీ ఇతనికీ ఏ చుట్టరికమూ లేదు.

ముందు మా వూరి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఆరో తరగతిలో వుండగా మా వూరి తిరనాళ్ళకి ఒక హిప్నాటిజం ఆయన వచ్చాడు. నల్లకోటు, చేతిలో గొలుసు గడియారం. స్టేజీ ఎక్కి, జనంలోంచి ఎవరైనా రావచ్చునని పిలిస్తే, కుర్రాళ్ళంతా కలిసి మా ఇంట్లో జీతానికుండే అన్నని పైకి తోశారు. ఆయన గడియారం వూపి నిద్రపొమ్మన్నాడు. అన్న కళ్ళు మూసుకున్నాడు. పచ్చి ఉల్లిపాయ చేతిలో పెట్టి ఇది యాపిల్ పండు తినమంటే, పొట్టుతో సహా కరకర నమిలేశాడు. మా నాయనమ్మ కూచున్నచోటే దణ్ణం పెట్టుకుంది. ఓ నెల పోయాక మిరపతోటకి నీళ్ళు కడుతూ అన్నని అడిగాను. నిద్రా లేదు ఏమీ లేదనీ, అంతమంది పెద్దలు చూస్తుండగా కోటాయన చెప్పిన మాట కాదనడం ఎట్లాగనీ, అందుకే తిన్నాననీ అన్నాడు. రెండ్రోజులు కడుపులో మంట తగ్గలేదట. ఇది గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

కాన్రాడ్ ఫైట్ 1893 జనవరి 22న బెర్లిన్ నగరంలో పుట్టాడు. తండ్రి పట్టాళంలో పనిచేసి తర్వాత ప్రభుత్వోద్యోగంలో కుదురుకున్న మనిషి, మాట అంటే మాటే. ఒక అన్న వుండేవాడు గాని చిన్నతనంలోనే స్కార్లెట్ జ్వరంతో పోయాడు. తండ్రికి ఒకసారి జబ్బుచేసి గుండెకి ఆపరేషన్ అవసరమైతే, పేరున్న ఒక సర్జన్ చేసి, వీళ్ళు ఇవ్వగలిగినంతే పుచ్చుకున్నాడట. అది చూసి పిల్లవాడు తానూ సర్జన్ కావాలనుకున్నాడు. కాని చదువు సాగలేదు. 1912లో బడి వదిలేనాటికి తరగతిలో పదముగ్గురుంటే ఇతనిది పదమూడో స్థానం.

ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అట్లాగే కూచున్నాను. నీట్ రెండుసార్లు రాసి, రెండుసార్లూ సీటు రాక, మా నాన్న మొహం చూడలేక ఈ బి.యస్సీలో చేరినవాణ్ణి నేను. మా నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా వుండేది.

ఫైట్‌కి మాత్రం ఒక దారి దొరికింది. బడిలో క్రిస్మస్ నాటకానికి తెర లేవకముందు చెప్పవలసిన పెద్ద ప్రసంగం ఒకటి అతనికి అప్పజెప్పారు. నాటకం నవ్వులపాలైంది గాని ఆ ప్రసంగం మాత్రం జనానికి నచ్చింది. అంతే, నాటకాల పిచ్చి పట్టుకుంది. నటులంటే తిరుగుబోతులని తండ్రి నమ్మకం. తల్లి చాటుగా ఇచ్చిన డబ్బుల్తో పిల్లవాడు నాటకశాలల చుట్టూ తిరిగేవాడు. మన ఇళ్ళల్లో తల్లులు కూడా ఇంతే గదా. చివరికి ఆ రోజుల్లో జర్మనీ రంగస్థలానికి రాజులాంటి మాక్స్ రైన్‌హార్ట్ ఎదుట నిలబడి ఒక ఘట్టం చేసి చూపించాడు. ఆయన చూసినంతసేపూ కిటికీలోంచి బయటికే చూశాడట. అయినా నెలకి 50 మార్కుల మీద గుంపులో నిలబడే వేషాలకి తీసుకున్నాడు. ఇది 1913 సంగతి.

మరుసటేడు మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఫైట్‌ని సైన్యంలోకి లాగి 1915లో తూర్పు సరిహద్దుకి పంపారు. వార్సా దగ్గర పోరాటం చూశాడు. కామెర్లూ న్యుమోనియా కలిసివచ్చి, బాల్టిక్ సముద్రతీరాన ఆసుపత్రిలో పడ్డాడు. ఆ తర్వాత సైనికుల వినోదానికి నడిచే నాటకశాలలో పని దొరికింది. 1917లో ఇక యుద్ధానికి పనికిరాడని వదిలేస్తే బెర్లిన్ వచ్చి మళ్ళీ రైన్‌హార్ట్ దగ్గర చేరాడు, సినిమాల్లోనూ అడుగుపెట్టాడు. అప్పటినుంచి చనిపోయేదాకా చేసినవి వందకి పైగానే.

వాటిలో 1919లో వచ్చిన ఒకదాన్ని మాత్రం చెప్పి ముందుకు పోతాను. మగవాణ్ణి ప్రేమించిన మగవాడిని చట్టం ఎట్లా వేటాడిందో చూపించే సినిమా అది. ఇతరులకు భిన్నం అని పేరు. వేధింపులకి గురై ప్రాణం తీసుకునే సంగీతకారుడి పాత్ర ఫైట్‌ది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇరవయ్యారేళ్ళ వయసులో, పేరు ఇంకా సరిగా రాని నటుడు అట్లాంటి వేషానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఇతను ఎట్లాంటివాడో అక్కడే తెలుస్తుంది.

ఇక అసలు సినిమాకి వస్తాను. డాక్టర్ కాలిగారీ మందిరం 1920 ఫిబ్రవరి 26న బెర్లిన్‌లో విడుదలైంది. దర్శకుడు రాబర్ట్ వీనె. కథ రాసిన ఇద్దరు కుర్రాళ్ళు హాన్స్ యానోవిట్స్, కార్ల్ మాయర్. ఇద్దరికీ యుద్ధమన్నా, పైనుండి హుకుం చేసే అధికారులన్నా ఒళ్ళుమంట. కథ ఇది. ఒక వూరి తిరనాళ్ళకి (అవును, తిరనాళ్ళకే) కాలిగారీ అనే ముసలి డాక్టరు వస్తాడు. ఇరవైమూడేళ్ళుగా నిద్రపోతున్న సెజారే అనేవాడు తన పెట్టెలో వున్నాడనీ, లేపితే భవిష్యత్తు చెబుతాడనీ ప్రకటిస్తాడు. అనుమతి కోసం వెళితే వూరి గుమస్తా ఈసడిస్తాడు. ఆ రాత్రే గుమస్తా హత్య అవుతాడు. ప్రదర్శనలో ఒక కుర్రాడు తానెంతకాలం బతుకుతానని సరదాకి అడుగుతాడు. తెల్లారేదాకా అని జవాబొస్తుంది. తెల్లారేసరికి ఆ కుర్రాడు శవం. నిద్రలో నడిచే సెజారేని రాత్రిళ్ళు పంపి హత్యలు చేయించేది డాక్టరే. ఎవరైనా అనుమానించి చూస్తే కనబడటానికి పెట్టెలో బొమ్మ పడుకునివుంటుంది.

సెట్టింగులన్నీ బొమ్మలు గీసిన అట్టలూ గుడ్డలే. ఇళ్ళు వంకర, కిటికీలు వంకర, నీడల్ని కూడా రంగుతోనే గీశారు. ఆ వంకర లోకంలో ఫైట్ గోడకి ఆనుకుని, చెయ్యి పైకి చాచి, గోడమీద పాకే నీడ తానే అయినట్టు నడుస్తాడు. మాటల్లేని సినిమా. అతను చేసిందంతా ఒంటితోనూ కళ్ళతోనూ చేశాడు. నాకు బాగా గుర్తుండిపోయింది ఒక దృశ్యం. జేన్ అనే అమ్మాయిని చంపమని పంపితే, ఆమె నిద్రపోతుండగా కత్తి ఎత్తుతాడు. ఎత్తిన చెయ్యి దిగదు. అంతదాకా కొయ్యలాగా వున్న మొహంలో ఏదో కదులుతుంది. చంపలేక ఆమెని భుజాన వేసుకుని ఇళ్ళకప్పుల మీదుగా పారిపోతాడు. జనం తరుముతారు. ఆమెని దించి, మరికొంత దూరం తడబడి, కూలిపోయి చనిపోతాడు. డాక్టరు ఆజ్ఞ దాటినవాడు ఎక్కువసేపు బతకలేదన్నమాట.

తర్వాత ఆ డాక్టరు ఒక పిచ్చాసుపత్రికి పెద్దని తెలుస్తుంది. కాని సినిమా అక్కడ ఆగదు. ఈ కథ చెబుతున్న కుర్రాడే ఆ ఆసుపత్రిలో రోగి అనీ, ఇదంతా అతని భ్రమ అనీ చివర తేలుస్తారు. అధికారిది తప్పని మేం రాస్తే, తప్పు పట్టినవాణ్ణే పిచ్చివాణ్ణి చేశారని రచయితలు బాధపడ్డారు. క్రకావర్ అనే జర్మన్ పండితుడు 1947లో ఒక పుస్తకం రాసి, జర్మనీ హిట్లర్ చేతికి చిక్కబోయే జాడ ఈ సినిమాలోనే వుందని వాదించాడు. అది కొంచెం ఎక్కువ చెప్పినట్టుందని నాకనిపిస్తుంది. ఒక సినిమా చూసి దేశం జాతకం చెప్పడం, సెజారే జోస్యం చెప్పడం లాంటిదే.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఈ సినిమా మా అన్నకి సెల్‌ఫోన్‌లో చూపించాను. తిరనాళ్ళ సీను రాగానే నవ్వాడు. కత్తి ఎత్తిన సీను దగ్గర మాత్రం నవ్వలేదు. ఆ పెట్టెలోవాడికి ముందునుంచీ మెలకువ వుందేమో చూడమని నన్నడిగాడు.

మెలకువ వుందా లేదా అన్నది సైన్సు కూడా అడిగిన ప్రశ్నే. వియన్నాలో వైద్యం చదివిన మెస్మర్, జీవులన్నిటిలోనూ ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ దాంతో రోగాలు నయం చేస్తాననీ పారిస్ నగరాన్ని వూపేశాడు. 1784లో ఫ్రాన్సు రాజు వేసిన సంఘం దాన్ని పరీక్షించింది. మన రసాయనశాస్త్రం పుస్తకాల్లోని లవాజియే, పిడుగుల మీద పరిశోధించిన ఫ్రాంక్లిన్ ఇద్దరూ అందులో సభ్యులే. ద్రవమూ లేదు గిద్రవమూ లేదు, జరిగేదంతా రోగి వూహ వల్లనే అని వాళ్ళు తేల్చారు. 1840 ప్రాంతాల్లో ఇంగ్లండులో బ్రెయిడ్ అనే సర్జన్ ఆ వూహకి హిప్నాటిజం అని పేరుపెట్టి కొత్తగా పరిశీలించాడు. మన దేశంలో, బెంగాల్లోని హుగ్లీలో ఎస్డెయిల్ అనే డాక్టరు 1845 నుంచి మెస్మర్ పద్ధతిలోనే రోగుల్ని మగతలోకి పంపి పెద్దపెద్ద కణితలు కోశాడు. క్లోరోఫారం ఇంకా రాని రోజులవి.

హిప్నాటిజంతో నేరం చేయించవచ్చునా అన్న తగువు మాత్రం ఫ్రాన్సులో 1880ల్లో ముదిరింది. నాన్సీ వూరి పండితులు చేయించవచ్చునన్నారు. పారిస్‌లో షార్కో శిష్యులు కుదరదన్నారు. 1890లో ఒక హత్యకేసులో గాబ్రియెల్ బోంపార్ అనే యువతి తరఫున, తోటి ముద్దాయి ఆమెని హిప్నటైజ్ చేసి నేరంలోకి దింపాడని కోర్టులో వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆమెకి ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. సెజారేలాంటి పాత్రలకి ఎరువు ఈ తగువులోంచే వచ్చింది. ఇవాళ తెలిసినంతలో హిప్నాసిస్ నిద్ర కాదు. అప్పుడు మెదడు తరంగాలు తీస్తే నిద్రలోని తరంగాల్లాగా వుండవు, మేలుకున్న మనిషివిలాగానే వుంటాయి. కొందరికి నొప్పి తెలియకుండా పోవడం నిజమే. కాని తన మనసుకి పూర్తిగా విరుద్ధమైన పని చేసే మరబొమ్మగా మనిషి మారిపోడు. కోటాయన ఎదుట మా అన్న చేసింది ఏమిటో ఆ కోటాయన కంటే మా అన్నకే బాగా తెలుసు.

మళ్ళీ ఫైట్ దగ్గరికి. సెజారే తర్వాత అతనికి భయంకర వేషాలే వరసగా వచ్చాయి. 1924లో ఓర్లాక్ చేతులు అనే సినిమాలో, రైలు ప్రమాదంలో చేతులు పోయిన పియానో విద్వాంసుడికి ఉరితీయబడ్డ హంతకుడి చేతులు అతికిస్తారు. ఆ చేతులు తనని హత్యకి లాగుతున్నాయని అతను వణికిపోతాడు. తన చేతుల్ని తానే పాముల్లాగా చూసుకునే ఫైట్‌ని చూస్తే నాకు అన్నం సయించలేదు. 1928లో అమెరికాలో తీసిన నవ్వేమనిషి సినిమాలో, నవ్వుతున్నట్టు కోసిన నోటితో బతికే అభాగ్యుడిగా చేశాడు. బ్యాట్‌మన్ బొమ్మలకథల్లో 1940లో పుట్టిన జోకర్ మొహానికి ఆ నవ్వే మూలం. మాటల సినిమాలు వచ్చాక ఇంగ్లీషు యాస కుదరక 1929లో జర్మనీకి తిరిగొచ్చేశాడు. 1932లో రస్పుతిన్ వేషం కట్టాడు. రష్యా రాజకుటుంబాన్ని చూపుతో కట్టేశాడని చెప్పుకునే ఆ సాధువుకి ఫైట్ కళ్ళు సరిగ్గా సరిపోయాయి. పెళ్ళిళ్ళు మూడు, మొదటి రెండూ విడిపోయినవే. రెండోభార్యకి ఒక కూతురు.

మూడోపెళ్ళి దగ్గర కథ మలుపు తిరిగింది. ఆమె పేరు ఇలోనా ప్రాగర్, ఇంట్లో లిలీ అనేవారు. హంగరీ యూదుల పిల్ల. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు. మార్చి ఆఖరులో వీళ్ళ పెళ్ళయింది. సరిగ్గా ఆ వారాల్లోనే గోబెల్స్ సినిమారంగంలోంచి యూదుల్ని ఏరిపారెయ్యడం మొదలుపెట్టాడు. పని కావలసిన ప్రతివాడూ తన జాతి ఏదో రాసి ఫారం నింపాలి. ఫైట్ యూదుడు కాడు. పుట్టుకా పెంపకమూ ప్రొటెస్టెంటు. ఉన్నదున్నట్టు రాసి ఊరుకుంటే అతనికి కొరతే లేదు, జర్మనీలో అతనంతటి తార ఇంకొకడు లేడు. అతను ఆ గడిలో యూదుడినని రాశాడని అతని జీవితం రాసినవాళ్ళందరూ చెబుతారు. భార్య ఏదైతే తానూ అదేనని. ఏప్రిల్లో ఇద్దరూ ఇంగ్లండు చేరుకున్నారు.

అప్లికేషన్ ఫారాలు నింపీ నింపీ విసిగిపోయినవాణ్ణి నేను. గడి కనిపిస్తే ఆలోచించకుండా నింపడమే మనకి అలవాటు. ఒక గడి దగ్గర ఆగి, అందులో రాసే ఒక్కమాటతో ఇల్లూ వాకిలీ భాషా పేరూ అన్నీ వదులుకున్న మనిషి గురించి చదివాక, ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇంగ్లండులో 1934లో యూదు సూస్ అనే సినిమాలో అతను నాయకుడు. ఫాయిష్ట్‌వాంగర్ నవల ఆధారంగా, యూదులమీద జరిగే అన్యాయాన్ని చూపిన సినిమా. ఆ లోగానే మరో సినిమా పనిమీద జర్మనీ వెళితే, ఈ వేషం వెయ్యకుండా నాజీలు అతన్ని ఆపేశారనీ, ఒంట్లో బాగాలేదని సాకు చెప్పారనీ, ఇంగ్లీషు కంపెనీ డాక్టర్ని పంపి విడిపించుకోవలసి వచ్చిందనీ చెబుతారు.

ఇప్పుడు రెండో మనిషి సంగతి చెప్పాలి. కాలిగారీ డాక్టరు వేషం వేసిన వెర్నర్ క్రౌస్ మహానటుడు, సందేహం లేదు. అతను జర్మనీలోనే వుండిపోయాడు, నాజీల చేత పదవులూ గౌరవాలూ పొందాడు. 1940లో గోబెల్స్ అదే సూస్ కథని తిరగేసి, యూదుల మీద విషం కక్కే సినిమాగా తీయించాడు. అందులో ఒకటి కాదు, అనేక యూదుపాత్రలు క్రౌసే వేశాడు, చూసేవాడికి అసహ్యం పుట్టేట్టుగా. ఆ సినిమాని తన దళాలంతా తప్పక చూడాలని హిమ్లర్ ఆజ్ఞ ఇచ్చాడు. తెరమీద ఆజ్ఞలిచ్చినవాడు బయట ఆజ్ఞలకి తలవంచాడు. తెరమీద నిద్రలో నడిచినవాడు కళ్ళు తెరిచి నడిచి వెళ్ళిపోయాడు. యుద్ధం అయ్యాక క్రౌస్‌ని కొంతకాలం రంగస్థలం ఎక్కనివ్వలేదు. తర్వాత అన్నీ మరిచిపోయారు. 1954లో జర్మన్ భాషలో అత్యుత్తమ నటుడికిచ్చే ఇఫ్లాండ్ ఉంగరం అతని వేలికే తొడిగారు. 1959లో వియన్నాలో పోయాడు. ఈ వాక్యాలు రాస్తుంటే నాకు కోపం వస్తోందని ఒప్పుకుంటున్నాను.

ఫైట్ 1939లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. యుద్ధం రాగానే కూడబెట్టిన డబ్బులో పెద్దభాగం బ్రిటన్ యుద్ధనిధికి ఇచ్చేశాడు. ఆ రోజుల్లోనే మొదలై, బాంబుల భయంతో అమెరికా వెళ్ళి పూర్తయిన రంగుల సినిమా బాగ్దాద్ దొంగ. 1940లో విడుదలై మూడు ఆస్కార్లు గెలిచింది. ఇందులో మనవాడు ఒకడున్నాడు. దొంగ అబూ వేషం వేసిన సాబూ మైసూరు సంస్థానంలో పుట్టిన మావటివాడి కొడుకు. ఫైట్ వేసింది జాఫర్ అనే మంత్రగాడైన మంత్రి. ఒక్క చూపుతో రాజు కళ్ళు పోగొడతాడు, సాబూని కుక్కని చేస్తాడు. నల్ల తలపాగా కింద నీలికళ్ళు మాత్రం వెలిగేట్టు దీపం పెట్టి తీశారు. అంత శక్తి వున్నవాడు రాజకుమారి ముందు మాత్రం నిస్సహాయుడు. మంత్రంతో ఆమెని లొంగదీయగలడు, కాని అట్లా వచ్చే ప్రేమ తనకి అక్కర్లేదంటాడు. మంత్రగాళ్ళ వేషాల్లో మా నాయనమ్మకి పాతాళభైరవిలో రంగారావుగారిని మించినవాడు లేడు. ఈ జాఫర్‌ని చూపిస్తే, వీడికి మీసాలు చాలలేదు గాని కళ్ళు పరవాలేదంది. 1992లో డిస్నీవాళ్ళ అలాద్దీన్ బొమ్మల సినిమాలో దుష్టమంత్రికి జాఫర్ పేరు ఇక్కడినుంచే వచ్చింది.

అమెరికాలో అతనికి నాజీ వేషాలు చాలా దొరికాయి. జర్మన్ యాస గదా. వేస్తాను గాని వాడు దుర్మార్గుడుగానే వుండాలని ఒప్పందంలో రాయించుకున్నాడు. 1942లో వచ్చిన కాసాబ్లాంకాలో మేజర్ స్ట్రాసర్ అతనే. ఆ సినిమాలో హోటల్లో కూచున్న కాందిశీకుల్లో చాలామంది నిజంగానే హిట్లర్‌ని తప్పించుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళని గడగడలాడించే నాజీ అధికారి వేషంలో నిలబడ్డవాడూ అట్లా వచ్చినవాడే. ఆ సినిమా తీసే రోజుల్లో సెట్లో ఏం మాట్లాడుకునేవారో నాకు తెలుసుకోవాలనిపిస్తుంది.

అతని గుండెలో తల్లినుంచి వచ్చిన జబ్బు వుంది, పైగా సిగరెట్లు విపరీతం. 1943 ఏప్రిల్ 3న లాస్ ఏంజిలిస్‌లో గోల్ఫ్ ఆడుతూ మైదానంలోనే కూలిపోయాడు. పక్కన అతని డాక్టరే వున్నాడు గాని చెయ్యగలిగింది లేకపోయింది. యాభై ఏళ్ళు. యుద్ధం ముగియడానికి ఇంకా రెండేళ్ళుంది. తిరిగి బెర్లిన్ చూడనేలేదు. చాలాకాలం అతని చితాభస్మం అమెరికాలోనే వుండిపోయింది. 1998లో, అతను పోయిన యాభైఅయిదేళ్ళకి, దాన్ని లిలీ చితాభస్మంతో కలిపి లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్ శ్మశానవాటికలో ఒక గూట్లో పెట్టారు.